దూర ప్రయాణాల మోటారుసైకిలుకు సుఖమైన సీటు: కొనే ముందు ఏమేమి చూసుకోవాలి?

దూరప్రయాణి

సభ్యులకు నమస్కారం. రోజుకు నాలుగైదు వందల కిలోమీటర్లు సాగే ప్రయాణాలకు నేను వాడేది నిటారుగా కూర్చునే అమరిక ఉన్న పెద్ద టూరింగ్ మోటారుసైకిలు. ఇంజను మీద గానీ, బ్రేకుల మీద గానీ, గాలిని ఆపే అద్దం మీద గానీ నాకు ఏ ఫిర్యాదూ లేదు. పేచీ అంతా సీటుతోనే. బయలుదేరిన గంటన్నర వరకు ఏమీ తెలియదు. ఆ తరువాత కూర్చున్న చోట పోటు మొదలై, మధ్యాహ్నమయ్యేసరికి ధ్యాసంతా దాని మీదే ఉంటుంది.

పేరున్న తయారీదారుల రెడీమేడ్ సీటు కొనవచ్చు, నా కొలతలకు ప్రత్యేకంగా చేయించుకోవచ్చు, ఉన్న సీటులోనే ఫోమ్ మార్పించవచ్చు, లేదా పైన ఏదైనా దిండు వేసుకుని సరిపెట్టుకోవచ్చు. వీటిలో దేనితో మొదలు పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. దుకాణంలో కూర్చుని చూసిన మెత్తటి సీట్లన్నీ బాగానే అనిపించాయి గానీ, ఐదు నిమిషాల పరీక్షను నమ్మి అంత డబ్బు పెట్టడానికి మనసు రావడం లేదు. నా ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 80 కిలోలు. చాలా ప్రయాణాల్లో నా శ్రీమతి వెనక కూర్చుంటుంది. అనుభవం ఉన్నవారు సలహా చెప్పగలరు.

సీటుమేస్త్రి

దూరప్రయాణి గారూ, సీట్లకు ఫోమ్ మలచి కవర్లు కుట్టడమే నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువ మంది ఏ ఫోమ్ వేయాలన్న ప్రశ్నతోనే వస్తారు. నేను మాత్రం ముందు నొప్పి సంగతి అడుగుతాను. నొప్పి సరిగ్గా ఎక్కడ? పిరుదుల కింద రెండు ఎముకల దగ్గరా, వెన్ను చివరి ఎముక దగ్గరా, తొడల లోపలి వైపా, లేక నడుములోనా? అది పోటా, మంటా, తిమ్మిరా? బ్రేకు వేసినప్పుడు ట్యాంకు మీదికి జారుతున్నారా? నేల మీద రెండు పాదాలూ పూర్తిగా ఆనుతున్నాయా? ప్రయాణంలో లోపల ఏ బట్టలు వేసుకుంటారు? ఇవి తెలియకుండా ఎవరు ఏ సీటు సూచించినా అది చీకట్లో రాయి వేసినట్లే.

దూరప్రయాణి

నొప్పి రెండు ఎముకల దగ్గరే. ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత చోటు, వేలు పెట్టి చూపించగలను. తిమ్మిరి లేదు. అయితే మీరు అడిగాక గమనించాను, నేను నిజంగానే ముందుకు జారుతుంటాను. పది నిమిషాలకొకసారి ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి వెనక్కి జరుగుతాను, మళ్ళీ ట్యాంకు దగ్గరకే చేరతాను. పాదాలు రెండూ దాదాపు పూర్తిగా ఆనుతాయి. రైడింగ్ ప్యాంటు లోపల మామూలు జీన్స్ వేసుకుంటాను.

సీటుమేస్త్రి

మీ జవాబులోనే సగం పరిష్కారం ఉంది. కంపెనీ నుంచి వచ్చే సీట్లలో చాలా వాటి ముందు భాగాన్ని, పొట్టివారికి కూడా కాళ్ళు ఆనేలా, సన్నగా, కిందికి వాలుగా మలుస్తారు. దుకాణంలో బండి ఎక్కి చూసేవారికి మొదట తెలిసేది పాదాలు ఆనుతున్నాయా లేదా అన్నదే కాబట్టి, తయారీదారు కూడా దానికే మొగ్గు చూపుతాడు. ఆ వాలు మూల్యం దూర ప్రయాణంలో తెలుస్తుంది. లెక్క వేసి చూడండి: 70 కిలోల బరువు కేవలం 5 డిగ్రీల వాలు మీద ఉన్నా, దాన్ని ముందుకు లాగే బలం సుమారు 6 కిలోలకు సమానం. కవరు ఒరిపిడి, మీ తొడల పట్టు, చేతుల ఒత్తిడి కలిసి రోజంతా దానికి ఎదురు నిలవాలి. పైగా జారి చేరే చోటు సీటులోకెల్లా సన్నని భాగం. అక్కడ ఎముకలకు సగం ఆధారమే దొరుకుతుంది. వెనక వెడల్పైన చోటు ఖాళీగా ఉంటుంది, మీరు మాత్రం సన్నని చోట కూర్చుని బాధపడుతుంటారు.

ఇక మెత్తదనం గురించి. ఫోమ్ విషయంలో సాంద్రత వేరు, గట్టిదనం వేరు. సాంద్రత అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నది. అది ఎక్కువ ఉంటే ఫోమ్ సాధారణంగా ఎక్కువ కాలం ఆకారం నిలుపుకుంటుంది. గట్టిదనం అంటే ఫోమ్‌ను దాని మందంలో 25 శాతం లోపలికి అణచడానికి ఎంత బలం కావాలన్నది. ఈ రెంటికీ నేరు సంబంధం లేదు, సాంద్రత ఎక్కువై మెత్తగా ఉండే ఫోమ్ కూడా ఉంటుంది. మా పనిలో నేను ఎక్కువగా చూసే సంఖ్య ఇంకొకటుంది: 65 శాతం అణచడానికి కావలసిన బలాన్ని 25 శాతం అణచడానికి కావలసిన బలంతో భాగిస్తే వచ్చేది. ఆ సంఖ్య పెద్దదైతే ఫోమ్ మొదట కాస్త లొంగి, తరువాత గట్టిగా నిలబడుతుంది. చిన్నదైతే మొదట ఎంత హాయిగా లొంగుతుందో అంత తేలిగ్గా అడుగంటుతుంది.

దుకాణంలో ఐదు నిమిషాలకు బాగున్న మెత్తటి సీటు రెండో గంటలో చెక్కబల్లలా మారేది ఇందుకే. ఫోమ్ వేడెక్కి, గాలి వదిలి, పూర్తిగా అణిగిపోయి, ఎముక నేరుగా అడుగు ప్లాస్టిక్ పలకను తాకినంత పని అవుతుంది. మీ సీటును ఒకసారి పరీక్షించి చూడండి. చేతి పిడికిలి కణుపులతో, మీ బరువంతా వేసి, మీరు నిజంగా కూర్చునే చోట నొక్కండి. కణుపులకు కింద గట్టి పలక తగిలితే ఆ ఫోమ్ పని అయిపోయినట్లే. తరువాత అదే సీటులో ఎవరూ కూర్చోని అంచు దగ్గర నొక్కి తేడా చూడండి.

గాలిదిండు

నా పేరు చూస్తేనే నేను ఏ పక్షమో తెలిసిపోతుంది. కొత్త సీటు జోలికి వెళ్ళే ముందు గాలి గదుల దిండును వాడి చూడమని నా సలహా. చక్రాల కుర్చీల్లో గంటల తరబడి కదలకుండా కూర్చునేవారికి పుండ్లు పడకుండా చేసిన దిండ్ల నుంచి వచ్చిన ఆలోచన ఇది. ఆ రంగంలో పేరున్న రోహో సంస్థ పద్ధతినే మోటారుసైకిళ్ళకు తెచ్చినది ఎయిర్‌హాక్. లోపల చిన్న చిన్న గాలి గదులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ఎముక కింద ఉన్న గది అణిగితే అందులోని గాలి పక్క గదుల్లోకి వెళ్ళి బరువును పంచుతుంది.

దిండు నచ్చలేదని పక్కన పడేసేవారిలో చాలామంది దాన్ని బంతిలా ఊది వాడినవారే. గాలి నింపి, బండి మీద రైడింగ్ బట్టలతో కూర్చుని, వాల్వు తెరిచి నెమ్మదిగా గాలి వదలాలి. పిరుదుల ఎముకలకూ సీటుకూ మధ్య రెండు సెంటీమీటర్ల లోపు ఎడం మిగిలినప్పుడు వాల్వు మూయాలి. కింద దిండు ఉన్నదో లేదో అనుమానం కలిగేంత తక్కువ గాలి సరైన గాలి. కనుమ దారి ఎక్కేటప్పుడు బయటి పీడనం తగ్గి లోపలి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి, పైకి చేరాక మరోసారి కాస్త వదలవలసి ఉంటుంది.

మలుపులదారి

గాలిదిండు గారి మాట తిన్నటి రహదారికి నిజం. మలుపులు ఎక్కువగా ఉన్న దారిలో మాత్రం ఆ దిండు మీద శరీరం బండి నుంచి విడిపోయి తేలుతున్నట్లుగా ఉంటుంది. వెనక చక్రం చెప్పే కబురు పిరుదుల దాకా చేరదు. పైగా సీటు ఎత్తు పెరుగుతుంది, పట్టీలు ఎంత బిగించినా దిండు కొంత పక్కకు జరుగుతుంది. నిలకడైన పరిష్కారం కోరేవారికి అది తాత్కాలికమనే నా అభిప్రాయం.

రెడీమేడ్ సీట్ల విషయంలో ఒక్కొక్క తయారీదారు ఒక్కో సిద్ధాంతం మీద నడుస్తాడన్న సంగతి గుర్తుంచుకోవాలి. కాలిఫోర్నియాలోని కార్బిన్ వారి సీట్లు ఫైబర్‌గ్లాస్ అడుగు మీద గట్టి ఫోమ్‌తో, శరీరాన్ని పొదివి పట్టే గిన్నె లాంటి ఆకారంతో వస్తాయి. మొదటి రోజుల్లో రాయిలా అనిపించినా, తోలు కవరు సాగి శరీరానికి అలవాటు పడ్డాక వాటిని వదలని వారు ఎందరో ఉన్నారు. ఫ్లారిడాలోని సార్జెంట్ వారివి అంత లోతైన గిన్నెలా ఉండవు, వెడల్పు పెంచి కదలడానికి చోటిస్తాయి. సీట్ కాన్సెప్ట్స్ వారు ఫోమును, కవరును కిట్టుగా పంపితే మన పాత అడుగు మీదే బిగించుకోవచ్చు. రస్సెల్ డే-లాంగ్ పద్ధతి వేరు. మన సీటును వారికి పంపాలి, ఎత్తు, బరువు, బండి మీద కూర్చున్న ఫొటోలు ఇవ్వాలి. తొడల కిందికి రెక్కల్లా చాచుకుని వచ్చే ఆ సీటు చూపుకు అందంగా ఉండదు గానీ, ఎక్కువ వైశాల్యం మీద బరువు మోయడమన్న సూత్రాన్ని అంత నిర్మొహమాటంగా పాటించిన సీటు నేను మరొకటి చూడలేదు.

24 గంటల్లో 1000 మైళ్ళు, అంటే సుమారు 1600 కిలోమీటర్లు నడపడాన్ని ధ్రువీకరించే ఐరన్ బట్ సంఘం ఒకటుంది. అలాంటి ప్రయాణాలు చేసేవారి బండ్లను చూస్తే అన్ని రకాల సీట్లూ కనిపిస్తాయి, చెక్కపూసల తొడుగులతో సహా. వాటిలో చాలా వరకు మెత్తగా ఉండవు.

సీటుమేస్త్రి

మలుపులదారి గారు చెప్పిన గిన్నె ఆకారం గురించి ఒక హెచ్చరిక. గిన్నె మీ శరీరానికి సరిపోతే అంతకన్నా సుఖం లేదు. సరిపోకపోతే అంతకన్నా శిక్ష లేదు, ఎందుకంటే అది మిమ్మల్ని ఒకే చోట కట్టిపడేస్తుంది. బల్లపరుపు సీటు ఏ క్షణంలోనూ అంత హాయిగా ఉండకపోవచ్చు గానీ, గంట గంటకూ రెండంగుళాలు ముందుకో వెనక్కో జరిగి కూర్చునే స్వేచ్ఛ ఇస్తుంది. ఎత్తూ బరువూ సగటుకు దూరంగా ఉన్నవారు రెడీమేడ్ గిన్నె సీటు కొనే ముందు, అదే సీటున్న ఎవరి బండి మీదనైనా కనీసం ఒక గంట కూర్చుని చూడాలి.

వెన్నుపూస

నేను ఫిజియోథెరపీ చేస్తాను, మోటారుసైకిలూ నడుపుతాను. ఎముకలకు ఆధారం చాలదని సీటుమేస్త్రి గారు చెప్పిన సంగతిని శరీరం వైపు నుంచి చూద్దాం. నిటారుగా కూర్చున్నప్పుడు బరువులో ఎక్కువ భాగాన్ని మోసేవి కటి ఎముక అడుగున ఉండే రెండు బుడిపెలు. వాటి మీద కండ పలచన. అక్కడ నిరంతరం ఒత్తిడి పడితే చర్మంలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోయి రక్తం అందదు, ఆ లోటును శరీరం నొప్పిగా తెలియజేస్తుంది. మోసే వైశాల్యం రెట్టింపైతే సగటు పీడనం సగమవుతుంది. మంచి సీటు ఎముకల నుంచి కొంత బరువు తీసి పిరుదుల కండకు, తొడల వెనక భాగానికి పంచుతుంది.

మీ ఎముకల మధ్య దూరం ఇంట్లోనే కొలుచుకోవచ్చు. అలల పొర ఉన్న అట్టముక్కను గట్టి బల్ల మీద పెట్టి, పలచని బట్టలతో దాని మీద కూర్చుని, కాస్త ముందుకు వంగి ఒక నిమిషం ఆగి లేవండి. అట్ట మీద రెండు గుంటలు పడతాయి. లైటు పక్కనుంచి పడేలా పట్టుకుంటే అవి స్పష్టంగా కనిపిస్తాయి. వాటి కేంద్రాల మధ్య దూరం పెద్దవారిలో సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది, స్త్రీలలో సగటున కొంచెం ఎక్కువ. ఇప్పుడు మీ సీటు మీద మీరు నిజంగా కూర్చునే చోట చదునైన భాగం వెడల్పు కొలవండి. రెండు గుంటలూ ఆ చదునులో, పక్కల కొంత మిగిలేలా, పడాలి. ఎముకలు వంపు తిరిగే అంచు మీద పడుతుంటే ఏ ఫోమ్ వేసినా ప్రయోజనం ఉండదు.

తిమ్మిరి విషయంలో మాత్రం సర్దుకుపోవద్దు. తొడల మధ్య భాగంలో తిమ్మిరి వస్తున్నదంటే సీటు ముందు భాగం అక్కడి నరాన్ని నొక్కుతున్నదని అనుమానించాలి. నడుమ నిలువుగా గాడి ఉన్న సీట్లు అలాంటివారికి పనికివస్తాయి. బండి దిగిన తరువాత కూడా ఆ తిమ్మిరి పోకపోయినా, కాళ్ళలోకి పాకినా వైద్యుడికి చూపించుకోవాలి. మూత్రవిసర్జనలో తేడా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే వెళ్ళాలి.

వెన్ను చివరి ఎముక దగ్గర నొప్పి వచ్చేవారు సాధారణంగా నడుము గుండ్రంగా వంచి, కటిని వెనక్కి వాల్చి కూర్చుంటారు. హ్యాండిల్ దూరంగా ఉండటం, వెన్ను అలసిపోవడం అందుకు తరచుగా కనిపించే కారణాలు. వారికి కొత్త సీటు కన్నా హ్యాండిల్‌ను కొంచెం దగ్గరకు తెచ్చే రైజర్లు ఎక్కువ మేలు చేయవచ్చు.

ఇరుసు

సీటు మారిస్తే ఫుట్‌రెస్టుకు, హ్యాండిల్‌కు, నేలకు మీ దూరాలు మూడూ మారతాయి. సీటును రెండు సెంటీమీటర్లు పెంచితే మోకాలి వంపు తగ్గి మోకాళ్ళకు హాయిగా ఉంటుంది గానీ, మీ చేతుల లెక్కలో హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు కిందికి వెళ్ళినట్లే. మణికట్ల మీద బరువు పెరుగుతుంది. సీటు, ఫుట్‌రెస్టు, హ్యాండిల్ ఒక త్రికోణం. ఒక మూల కదిపి మిగిలినవి అలాగే ఉంటాయనుకోకూడదు.

ఇంకొక మాట. వెనక షాక్ అబ్జార్బర్ సర్దుబాటు సరిగా లేని బండికి ఎంత మంచి సీటు వేసినా వృథాయే. కూర్చున్న మనిషి శరీరం నిలువు కంపనానికి అన్నింటికన్నా ఎక్కువగా స్పందించేది సుమారు 4 నుంచి 8 హెర్ట్జుల మధ్య, అంటే సెకనుకు 4 నుంచి 8 ఊపులు. శరీర కంపనాన్ని కొలిచే ఐఎస్ఓ 2631 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఆ శ్రేణికే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. అంత నెమ్మదైన పెద్ద ఊపును నాలుగైదు సెంటీమీటర్ల ఫోమ్ ఆపలేదు, అది సస్పెన్షన్ పని. సామానుతో సహా మీరు కూర్చున్నప్పుడు వెనక సస్పెన్షన్ కదలగల మొత్తం దూరంలో సుమారు మూడో వంతు దిగేలా ప్రీలోడ్ (స్ప్రింగును ముందుగా నొక్కి ఉంచే బిగువు) పెట్టుకోండి. సీటుకు ఖర్చు పెట్టే ముందు చేయవలసిన పని ఇది. ఖర్చు లేనిది కూడా.

వెనకసీటు

ఇంతవరకు అందరూ ముందు కూర్చునేవారి గురించే రాశారు. నేను ఎప్పుడూ వెనకే కూర్చుంటాను కాబట్టి ఆ వైపు నుంచి నాలుగు మాటలు. వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి హ్యాండిల్ ఉండదు, దారి ముందుగా కనబడదు, బ్రేకు పడబోతున్నదని తెలియదు. అందుచేత వెనక సీటు ముందుకు ఏమాత్రం వాలినా, ప్రతి బ్రేకుకూ మేము ముందు వ్యక్తి వీపు మీద పడతాము, అతడు ట్యాంకు మీద పడతాడు. దూరప్రయాణి గారు జారడానికి సీటు వాలుతో పాటు ఇది కూడా కారణం కావచ్చు, గమనించండి. ఒంటరిగా వెళ్ళినప్పుడు జారడం తగ్గుతున్నదేమో చూస్తే తేలిపోతుంది.

వెనక సీటు ఎత్తు పెంచి దారి చూపించాలనుకోవడం మంచిదే గానీ, అది మమ్మల్ని గాలిలోకి ఎత్తి హెల్మెట్‌ను గాలి సుడిలో పెడుతుంది. నాకు పనికివచ్చిన మార్పులు రెండే. సీటును చదును చేయించడం ఒకటి, వెనక సామాను పెట్టెకు వీపు ఆనే దిండు బిగించడం రెండోది. వీపుకు ఆనుడు దొరికితే పిరుదుల మీద భారం తగ్గదు గానీ, పడిపోతామేమోనని బిగబట్టి కూర్చునే అలసట పోతుంది. ముందు సీటు వెడల్పు చేయించేటప్పుడు మా మోకాళ్ళు ఎక్కడికి వస్తాయో కూడా చూడమని మేస్త్రీలకు మనవి. సీటు ఎవరికి చేయిస్తున్నా, ఇద్దరూ వెళ్ళి కూర్చుని చూపించండి.

మలుపులదారి

జెల్ మాట ఎవరూ ఎత్తలేదు. ఉన్న ఫోమ్ కొంత కోసి జెల్ పలక పెట్టించుకుంటే సరిపోతుందని చాలామంది అంటారు. సీటుమేస్త్రి గారి అభిప్రాయం ఏమిటి?

సీటుమేస్త్రి

జెల్ మీద నాకు మోజు లేదు, ద్వేషమూ లేదు. అది ఒత్తిడికి పక్కలకు జరుగుతుంది గనుక ఎముక కింద పదును తగ్గిస్తుంది, సన్నని కంపనాన్ని కొంత మింగుతుంది. అయితే అది ఫోమ్‌లా అణగదు. మందమైన ఫోమ్ తీసేసి పలచని జెల్ పెడితే మొత్తం మీద సీటు గట్టిపడుతుంది. రెండో చిక్కు వేడి. జెల్ చాలా వేడిని నిల్వ చేసుకుంటుంది. ఎండలో నిలిపిన బండి నల్ల సీటు కింద జెల్ ఉంటే, ఎక్కి కూర్చున్న తరువాత కూడా చాలా సేపు ఆ వేడి వదలదు. ఎండ దేశాల్లో తిరిగేవారు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

మెమరీ ఫోమ్‌కూ ఇలాంటి షరతే ఉంది. 1966లో నాసా కోసం, విమాన సీట్ల అవసరానికి పుట్టిన పదార్థం అది. శరీర వేడికి మెత్తబడి ఆకారాన్ని అందుకుంటుంది, చలిలో బిగుసుకుపోతుంది. సీటు మొత్తం దానితోనే చేస్తే కాసేపటికి అడుగంటుతుంది. గట్టి ఫోమ్ మీద ఒకటి రెండు సెంటీమీటర్ల పైపొరగా వేస్తే దాని మంచి గుణం పనికివస్తుంది. మొత్తం మీద నేను వేసేది ఇలా ఉంటుంది: అడుగున ఆకారం నిలిపే గట్టి పొర, నడుమ బరువు మోసే అధిక సాంద్రత ఫోమ్, పైన పలచని మెత్తని పొర. పొరల మధ్య జిగురు పలచగా, సమంగా చల్లాలి. ఎక్కడైనా ముద్దగా పడితే ఎండాక గట్టి పొక్కులా మారి, సరిగ్గా ఎముక కిందే గుచ్చుకుంటుంది.

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతున్నది. బట్టల గురించి కూడా ఎవరైనా రాస్తే దూరప్రయాణి గారి మొదటి ప్రశ్నకు జవాబు పూర్తవుతుంది. ధరల పోలికలకు వేరే శీర్షిక ఉన్నది, దయచేసి వాటిని అక్కడ రాయగలరు.

వెన్నుపూస

బట్టల సంగతి నేను రాస్తాను. జీన్స్ ప్యాంటు వెనక జేబుల కుట్లు, కాళ్ళ మధ్య నాలుగు మడతలు కలిసే లావాటి కుట్టు సరిగ్గా బరువు పడే చోటికే వస్తాయి. నూలు బట్ట చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, తడి చర్మం తొందరగా ఒరుసుకుపోతుంది. దూర ప్రయాణాలకు కుట్లు లేని, చెమటను బయటికి పంపే బిగుతైన లోదుస్తులు మేలు. సైకిలు తొక్కేవారి దిండు నిక్కర్లు కొందరికి బాగుంటాయి గానీ, వాటి దిండు సైకిలు సీటు మీద ముందుకు వంగి కూర్చునే భంగిమకు కుట్టినది. నిటారుగా కూర్చున్నప్పుడు దాని అంచు ఎముక కిందికి రాకుండా చూసుకోవాలి. గొర్రె ఉన్ని తోలు పరుచుకోవడం పాత పద్ధతే అయినా మంచిది, ఉన్ని పోగుల మధ్య గాలి ఆడుతుంది, తేమ నిలవదు. వానలో తడిస్తే మాత్రం ఎండడానికి చాలా సమయం పడుతుంది.

దూరప్రయాణి గారి నొప్పి ఎముకల పోటు కాబట్టి బట్టలు మార్చినంత మాత్రాన అది పోదు. మంట, దద్దుర్లు ఉన్నవారు మాత్రం సీటు కన్నా ముందు బట్టలు మార్చి చూడాలి.

దూరప్రయాణి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అట్ట పరీక్ష చేశాను, గుంటల మధ్య 12 సెంటీమీటర్లు వచ్చింది. నేను జారి చేరే చోట సీటు చదును 15 సెంటీమీటర్లు కూడా లేదు, వెనక మాత్రం 30 దాకా ఉన్నది. పిడికిలి పరీక్షలో నా వైపు పలక తగిలింది, అంచుల దగ్గర తగలలేదు. ఒంటరిగా నడిపినప్పుడు జారడం తగ్గింది గానీ పోలేదు. ప్రీలోడ్ కూడా సరిచేశాను, గుంతల్లో నడుముకు తగిలే దెబ్బ స్పష్టంగా తగ్గింది.

వీటన్నిటినీ బట్టి ఉన్న సీటునే వాలు తీసి, వెడల్పు చేసి, ఫోమ్ మార్పించాలని అనుకుంటున్నాను. పని మొదలు పెట్టే ముందు వాలు మార్పు నాకు పడుతుందో లేదో తెలుసుకునే మార్గం ఉన్నదా? కవరు రెగ్జినా, తోలా అన్నది కూడా తేలాలి. వాన పడితే సీటు నీళ్ళు తాగుతుందని కొందరు భయపెడుతున్నారు.

సీటుమేస్త్రి

వాలు పరీక్షకు సులువైన ఉపాయం ఉంది. సీటు అడుగున, ముందు వైపు ఫ్రేము మీద ఆనే రబ్బరు గుబ్బల కింద పలచని రబ్బరు ముక్కలు పెట్టి ఆరేడు మిల్లీమీటర్లు ఎత్తి చూడండి. ముందు కొక్కెం, వెనక తాళం పూర్తిగా పడుతున్నాయని రెండుసార్లు లాగి నిర్ధారించుకోవాలి. తాళం పడకపోతే ఆ ప్రయోగం మానేయండి. అలాగే ఒక రోజు నడిపితే జారడం ఎంత తగ్గుతుందో, పాదాలు ఎంత పైకి లేస్తాయో మీకే తెలుస్తుంది. నేల అందడం సీటు ఎత్తు మీద మాత్రమే ఆధారపడదు, ముందు భాగం వెడల్పు మీద కూడా ఆధారపడుతుంది. తొడలు ఎంత ఎడంగా జరిగితే పాదం అంత పైకి పోతుంది. కాబట్టి వెడల్పు పెంచేది ఎముకల కింద మాత్రమే, తొడలు దిగే చోట అంచులను గుండ్రంగా చెక్కించండి.

కవరుకు తోలు గాలి పీలుస్తుంది, శరీరానికి అలవాటు పడుతుంది, కానీ నూనె పట్టించాలి, వానలో కాపాడాలి. ఏడాది పొడవునా బయట నిలిపే బండికి, ఎండను తట్టుకునే మంచి రకం రెగ్జిన్ చాలు. కూర్చునే చోట కాస్త గరుకుగా, పట్టు ఉండే రకం ఎంచుకుంటే జారడం మరింత తగ్గుతుంది. మరీ గరుకైతే ముందుకు వెనక్కి జరగలేరు, అది కూడా బాధే.

నీరు గుడ్డలోంచి రాదు, కుట్టు రంధ్రాల్లోంచి దిగుతుంది. కూర్చునే చోట కుట్టు లేకుండా ఒకే ముక్క వేయమనండి. అలంకారానికి వేసే గళ్ళ కుట్లు ఎముకల కింద గుచ్చుకోవడంతో పాటు వాననూ లోపలికి పిలుస్తాయి. తప్పనిసరి కుట్ల వెనక పట్టీ అతికించి, ఫోమ్‌కూ కవరుకూ మధ్య నీరు చొరబడని పలచని పొర వేయించండి. ఒకసారి తడిసిన ఫోమ్ రోజుల తరబడి ఆరదు, ఎండ కాసిన రోజు కూడా కూర్చోగానే ప్యాంటు తడుస్తుంది. కవరును అడుగు పలకకు బిగించే పిన్నులు తుప్పు పట్టని ఉక్కువి ఉండాలి. వాటి పొడవు ఆ పలక మందాన్ని మించితే మొన బయటికి పొడుచుకొస్తుంది. మీ సీటులో వేడి తీగ ఉంటే కవరు విప్పక ముందే మేస్త్రీకి చెప్పండి, అది ఫోమ్ పైపొరకు అతికి ఉంటుంది, తొందరపడి లాగితే తెగుతుంది.

చివరి కవరు వేసే ముందు, చెక్కిన ఫోమ్ మీద పాత కవరే వదులుగా తొడిగి ఒకటి రెండు రోజులు నడిపి చూపించమని అడగండి. ఫోమ్ తీసేయడం నిమిషాల పని. ఎక్కువ చెక్కాక మళ్ళీ అతికించడం మాత్రం కష్టం. ఓపిక ఉన్న మేస్త్రీ ఒప్పుకుంటాడు. ఒప్పుకోని వాడి దగ్గర చేయించవద్దు.

గాలిదిండు

వీలైతే అదే మోడలుకు పాత సీటు ఒకటి సంపాదించి దాని మీద పని చేయించండి. అసలు సీటు చెక్కుచెదరకుండా ఇంట్లో ఉంటే, బండి అమ్మే రోజున కొనేవారు పొట్టివారైనా చిక్కు ఉండదు. దిండు కూడా ఒకటి సామానులో ఉంచుకోండి, ఎప్పుడైనా పనికొస్తుంది.

దూరప్రయాణి

పని పూర్తయింది, వివరాలు రాస్తున్నాను. రబ్బరు ముక్కల పరీక్షలోనే జారడం చాలావరకు ఆగింది కాబట్టి ధైర్యంగా ముందుకు వెళ్ళాను. పాత సీటు దొరికింది. కవరు విప్పి చూస్తే నేను కూర్చునే చోట ఫోమ్ పసుపు రంగుకు తిరిగి, వేలితో గీరితే పొడిగా రాలింది. అంచుల దగ్గర కొత్తదానిలాగే ఉన్నది. మేస్త్రీ వాలును దాదాపు చదును చేసి, ఎముకల కింద చదునును 22 సెంటీమీటర్లకు పెంచి, ముందు అంచులను గుండ్రం చేశాడు. పాత కవరుతో నడిపి చూశాక, ఎడమ వైపు కొంచెం ఎత్తుగా ఉన్నదని చెబితే మళ్ళీ రుద్ది సరిచేశాడు.

ఎముకల పోటు ఇప్పుడు నాలుగో గంట దాకా రావడం లేదు, వచ్చినా లేచి నాలుగడుగులు నడిస్తే పోతున్నది. శ్రీమతి వెనక సీటు చదునుగా ఉండటం వల్ల నా వీపు మీద పడటం తగ్గిందని, అయితే ఇదివరకటి కన్నా గట్టిగా ఉన్నదని అంటున్నది. పాదాలు ఇప్పుడు ముందు సగమే ఆనుతున్నాయి, సామానుతో ఏటవాలు నేల మీద బండి నిలిపేటప్పుడు జాగ్రత్తగా ఉండవలసి వస్తున్నది. కొత్తగా వచ్చిన ఇబ్బంది ఒకటే, సాయంత్రానికి మణికట్లు లాగుతున్నాయి. ఇరుసు గారు ముందే హెచ్చరించారు. రైజర్లు కొనాలా?

ఇరుసు

కొనే ముందు క్లచ్, బ్రేకు లివర్లను కిందికి తిప్పి చూడండి. సీటు ఎత్తు పెరిగాక ముంజేయి వాలు మారింది, లివర్లు మాత్రం పాత కోణంలోనే ఉన్నాయి. బండి మీద మామూలుగా కూర్చుని, కళ్ళు మూసుకుని, చేతులు చాచి వేళ్ళు లివర్ల మీద పెట్టండి. మణికట్టు పైకి విరగకుండా ముంజేయి, అరచేయి, వేళ్ళు ఒకే గీతలో ఉండాలి. బిగింపు మరలను కాస్త వదులు చేసి ఆ కోణానికి తిప్పి, తయారీదారు చెప్పిన బిగువుకు మళ్ళీ బిగించండి. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి దాకా తిప్పి తీగలు, గొట్టాలు లాగుకోవడం లేదని చూసుకోండి. దీనితో తగ్గకపోతే అప్పుడు రైజర్ల సంగతి చూద్దాం. అవి 20 మిల్లీమీటర్లకు మించితే కొన్ని బండ్లలో బ్రేకు గొట్టం పొడవు చాలదు, మీ బండి మోడలు రాస్తే చెబుతాను.